క్వీన్ పాటలు ఎలా వినాలి: ప్లేలిస్ట్ పక్కన పెట్టండి, ఒక్కో పాటనే పట్టుకోండి

బ్రిటన్ రాక్ బ్యాండ్ క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జీవితం మీద 2018లో వచ్చిన సినిమా చూశాక ఆ బ్యాండ్ పాటల మీద పడ్డవాళ్లు మన దగ్గర బోలెడుమంది ఉన్నారు. వాళ్లలో చాలామందికి జరిగేది ఒకటే. గ్రేటెస్ట్ హిట్స్ పెట్టుకుని వంట చేసుకుంటూనో బండి నడుపుతూనో వింటారు, నాలుగైదు పాటలు తెగ నచ్చేస్తాయి, మిగతావన్నీ ఒకేలా అనిపించి అక్కడితో ఆగిపోతారు. ఆ ఆల్బమ్ బాగుండదని కాదు, 1981లో వచ్చింది, ఇప్పటికీ బ్రిటన్‌లో అత్యధికంగా అమ్ముడుపోయిన ఆల్బమ్ అదే. కానీ ఈ బ్యాండ్ అలా వింటే అర్థమయ్యేది కాదు. ఒక పాట తీసుకుని ముందు స్టూడియోలో చేసింది వినండి, తర్వాత దాని వీడియో చూడండి, ఆ తర్వాత అదే పాట స్టేజీ మీద ఏమైందో చూడండి, అప్పుడే ఇంకో పాటకు వెళ్లండి. ఇదే పద్ధతి. దీన్ని ఎలా చేయాలో వివరంగా చెబుతాను.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, మన సినిమా పాటలో రాసేవారు ఒకరు, బాణీ కట్టేవారు ఒకరు, పాడేవారు ఒకరు, తెర మీద పెదవులు కదిపేవారు ఇంకొకరు, వాయించినవాళ్ల మొహాలైతే మనం చూడనే చూడం. క్వీన్‌లో ఇవన్నీ ఆ నలుగురే. ఫ్రెడ్డీ మెర్క్యురీ, గిటార్ బ్రయాన్ మే, డ్రమ్స్ రోజర్ టేలర్, బేస్ జాన్ డీకన్. నలుగురూ పాటలు రాశారు, నలుగురి పాటలూ పెద్ద హిట్లయ్యాయి. 'వీ ఆర్ ద ఛాంపియన్స్' ఫ్రెడ్డీది, 'వీ విల్ రాక్ యూ' బ్రయాన్‌ది, 'రేడియో గా గా' రోజర్‌ది, 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' జాన్‌ది. కాబట్టి స్టూడియో పాటకూ స్టేజీ పాటకూ మధ్య తేడా కనిపించిందంటే అది వాళ్లు కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయాలు పట్టుకోవడం మొదలుపెడితే బ్యాండ్ మీకు దొరికినట్టే.

ముందు చెవుల సంగతి చూసుకోండి

ఫోన్ స్పీకర్‌లో వినకండి. ఖరీదైన హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు, మామూలు వైర్డ్ ఇయర్‌ఫోన్స్ చాలు, కానీ రెండు వైపులా సరిగ్గా పనిచేయాలి, ఎందుకంటే వీళ్లు కుడి చెవికీ ఎడమ చెవికీ వేరువేరుగా గొంతులు పంచుతారు, ఒక గొంతు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి పాకుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో (రెండు చెవులకూ ఒకే శబ్దం పంపేది) ఆన్ అయి ఉంటే ఆపేయండి, ఈక్వలైజర్‌లో బేస్ బూస్ట్ పెట్టుకునే అలవాటుంటే అదీ తీసేయండి, లేకపోతే జాన్ డీకన్ బేస్ ఊరికే గుంయ్‌మంటూ వినిపిస్తుంది తప్ప అతను వాయిస్తున్న వరస తెలియదు. పాట పేరు పక్కన 2011 రీమాస్టర్ (పాత రికార్డింగ్‌నే శుభ్రం చేసి మళ్లీ ఇచ్చింది) అని ఉన్నది ఎంచుకుంటే మీకు ఇబ్బంది ఉండదు. వీడియోలకు యూట్యూబ్‌లో బ్యాండ్ అధికారిక ఛానల్‌కే వెళ్లండి, ఎవరో స్పీడ్ మార్చి, రంగులు దిద్ది పెట్టినవి చాలా తిరుగుతుంటాయి.

ఇంకొక మాట, మొదటిసారి వినేటప్పుడు లిరిక్స్ తెరిచి పెట్టుకోకండి. మనకు సాహిత్యం వెంట పరిగెత్తే అలవాటు ఎక్కువ, ఇక్కడ అది రెండోసారికి వాయిదా వేయండి.

మొదటి పాట: బోహీమియన్ రాప్సడీ

దీనితోనే మొదలుపెట్టమంటున్నాను, మీకు తెలిసిన పాటే అయినా సరే. 1975, ఎ నైట్ ఎట్ ది ఒపెరా ఆల్బమ్‌లోది, 5 నిమిషాల 55 సెకన్లు. ఈసారి ఒక్క విషయం గమనిస్తూ వినండి: దీనికి పల్లవి లేదు. తిరిగి తిరిగి వచ్చే ముక్కే లేదు. వాద్యాలు లేని గొంతులతో మొదలై, పియానో మీద నెమ్మదిగా సాగే పాటలోకి దిగి, గిటార్ సోలో దాటి, ఒపెరాలోకి వెళ్లి, అక్కడి నుంచి గట్టి రాక్‌లోకి విరుచుకుపడి, చివరికి మళ్లీ పియానో దగ్గర చల్లబడుతుంది. మూడోసారి వినేటప్పుడు ఒపెరా ముక్క మీదే దృష్టి పెట్టండి. అంత పెద్ద బృందగానంలా వినిపించేది ఫ్రెడ్డీ, బ్రయాన్, రోజర్ ముగ్గురే, ఒకే టేపు మీద మళ్లీ మళ్లీ పాడి పొరలు పొరలుగా పేర్చుకున్నారు. అన్నిటికంటే పైన, సన్నగా, దాదాపు ఈలలా దూసుకెళ్లే గొంతు ఫ్రెడ్డీది అనుకుంటారు అందరూ, అది డ్రమ్స్ వాయించే రోజర్‌ది.

ఇప్పుడు వీడియో. బ్రూస్ గోవర్స్ తీశారు, 1975 నవంబర్‌లో, ఎల్‌స్ట్రీ స్టూడియోలో, షూటింగ్ కొన్ని గంటల్లోనే అయిపోయింది. చీకట్లో నాలుగు మొహాలు పైకి చూస్తూ ఉండే ఆ ఫ్రేమ్ అప్పటికప్పుడు పుట్టింది కాదు, 1974లో క్వీన్ 2 ఆల్బమ్ అట్ట కోసం మిక్ రాక్ తీసిన ఫొటోకి ప్రాణం పోశారు. ఒపెరా ముక్కలో ఒకే మొహం తేనెపట్టులా చాలాసార్లు కనిపిస్తుంది చూడండి, అది లెన్స్ ముందు పట్టకం పెట్టి తీసింది. ఫ్రెడ్డీ మొహం ఒకదాని వెనక ఒకటి దూరంగా జారిపోతూ ఉండే చోట కెమెరాను దాని మానిటర్ వైపే తిప్పారు, బొమ్మ బొమ్మను మింగుతూ పోతుంది. కంప్యూటర్ లేని రోజుల్లో, అప్పటికప్పుడు కెమెరాలోనే చేసినవి ఇవన్నీ. ఆగి, వెనక్కి తిప్పి చూడండి.

ఆ తర్వాత స్టేజీ. ముగ్గురు గొంతులు అన్ని పొరలు పేర్చిన దాన్ని స్టేజీ మీద ఎలా పాడతారు? పాడరు. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో 1986లో చేసిన కచేరీ వీడియోలో చూడండి, ఒపెరా ముక్క రాగానే బ్యాండ్ లోపలికి వెళ్లిపోతుంది, టేపు నడుస్తుంది, లైట్లు ఆడతాయి, రాక్ ముక్క మొదలయ్యే క్షణానికి మళ్లీ వాళ్లు స్టేజీ మీద ఉంటారు. కొందరికి ఇది మోసంలా అనిపిస్తుంది. నాకైతే ఇది నిజాయితీగా అనిపిస్తుంది, పాడుతున్నట్టు నటించకుండా జనం ముందే పక్కకు తప్పుకున్నారు. 1975 డిసెంబర్ 24న లండన్‌లోని హామర్‌స్మిత్ ఓడియన్ హాల్లో చేసిన కచేరీ వింటే ఇంకో పరిష్కారం కనిపిస్తుంది, అక్కడ ఒపెరా ముక్కే లేదు, ఈ పాటను విడదీసి మధ్యలో 'కిల్లర్ క్వీన్' లాంటి వేరే పాటల ముక్కలు కలిపారు. అప్పటికి పాట వచ్చి రెండు నెలలే.

రెండో పాట: వీ విల్ రాక్ యూ

కాళ్లు రెండుసార్లు, చప్పట్లు ఒకసారి. క్రికెట్ స్టేడియంలో విని విని దీన్ని పాటగా వినడం మనం మానేశాం. 1977లో స్టాఫర్డ్‌లోని బింగ్లీ హాల్‌లో కచేరీ అయిపోయాక జనం వెళ్లకుండా నిలబడి తామే పాట అందుకున్నారు, దాన్ని చూసి జనమే వాయించే పాట ఒకటి రాయాలనుకున్నాడు బ్రయాన్. ఇక హెడ్‌ఫోన్స్‌లో వినండి. డ్రమ్స్ లేవు. బేస్ కూడా లేదు. చెక్క పలకల మీద కాళ్లతో తొక్కిన చప్పుడును చాలాసార్లు రికార్డు చేసి, ఒక్కో చప్పుడుకూ వేర్వేరు ఆలస్యాలు కలిపి, జనం దగ్గరా దూరంగా నిలబడి ఉన్నట్టు కట్టాడు. బ్రయాన్ చదివింది ఫిజిక్స్, సంగీతం కోసం మధ్యలో వదిలేసిన ఆస్ట్రోఫిజిక్స్ పీహెచ్‌డీని 2007లో ఇంపీరియల్ కాలేజీలో పూర్తి చేశాడు. ఆ బుర్రంతా ఈ చప్పుడులో ఉంది. గిటార్ చివర్లోనే వస్తుంది, వచ్చి ముగించేస్తుంది.

వీడియో సాదాగా ఉంటుంది, 1978 జనవరిలో రోజర్ ఇంటి పెరట్లో మంచులో నిలబడి తీసింది, ఒకసారి చూస్తే చాలు. అసలు సంగతి స్టేజీ మీద ఉంది. 1979లో వచ్చిన లైవ్ కిల్లర్స్ ఆల్బమ్ పెట్టండి. మొదటి పాట ఇదే, కానీ గుర్తుపట్టరు. డ్రమ్స్, బేస్, గిటార్ అన్నీ కలిసి పరుగులు పెట్టే వేగంలో ఉంటుంది, చప్పట్లకు చోటే లేదు. కచేరీ చివర్లో మాత్రం మనకు తెలిసిన నెమ్మది పాట వస్తుంది, దాని వెనకే 'వీ ఆర్ ద ఛాంపియన్స్'. ఒకే పాటతో తలుపు తెరిచి, అదే పాటతో మూయడం. ఈ రెండింటినీ ఒకే రోజు పక్కపక్కన పెట్టి వినండి.

మూడో పాట దగ్గర తొందరపడొద్దు

'లవ్ ఆఫ్ మై లైఫ్' కూడా 1975 ఆల్బమ్‌లోదే. స్టూడియోలో ఇది పియానో, హార్ప్, పేర్చిన గొంతులతో చాలా సున్నితంగా అల్లిన పాట. ఆ హార్ప్ కూడా బ్రయానే వాయించాడు, వాయిద్యం తెలియక ఒక్కో కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) విడిగా వాయించి అతికించారు. స్టేజీకి వచ్చేసరికి ఇదంతా తీసేశారు. పియానో లేదు, హార్ప్ లేదు. బ్రయాన్ చేతిలో పన్నెండు తీగల గిటార్, పక్కన ఫ్రెడ్డీ, అంతే. మిగిలిన ఖాళీని జనం నింపారు. లైవ్ కిల్లర్స్‌లో వినండి, ఫ్రెడ్డీ ఒక లైన్ మొదలుపెట్టి ఆగిపోతాడు, హాలు మొత్తం దాన్ని పూర్తి చేస్తుంది. దక్షిణ అమెరికాలో ఈ లైవ్ పాటే పెద్ద హిట్టయ్యింది, 1985 జనవరిలో రియోలో ఇంగ్లీషు మాతృభాష కాని అంతమంది మాట పొల్లుపోకుండా పాడుతుంటే ఫ్రెడ్డీ చేత్తో వాళ్లను నడిపిస్తూ నిలబడ్డాడు. ఆ వీడియో తప్పకుండా చూడండి. స్టూడియో పాటను స్టేజీ మీద అచ్చుగుద్దినట్టు దింపాలని ఈ బ్యాండ్ ఎప్పుడూ అనుకోలేదని ఈ పాటలో అన్నిటికంటే స్పష్టంగా తెలుస్తుంది.

ఇక్కడే ఇంకోటి గమనించండి. స్టూడియోలో ఫ్రెడ్డీ అందుకున్న పై స్వరాలను కచేరీల్లో చాలాచోట్ల కిందికి దించి పాడతాడు, 'వీ ఆర్ ద ఛాంపియన్స్'లో పై స్వరాన్ని రోజర్ అందుకుంటాడు. వరసగా రోజూ కచేరీలు చేసే మనిషి గొంతు కాపాడుకోవాలి కదా. అది తెలిసి వింటే, అతను నిజంగానే పైకి వెళ్లిన రాత్రి ఒళ్లు జలదరిస్తుంది.

వీడియోనే పాటను మార్చేసిన సందర్భం

'రేడియో గా గా' 1984లో వచ్చింది. స్టూడియో పాట ఒకసారి విని వెంటనే వీడియోకి వెళ్లండి. డేవిడ్ మాలెట్ తీసిన ఈ వీడియోలో ఫ్రిట్జ్ లాంగ్ 1927లో తీసిన మెట్రోపొలిస్ అనే మూకీ సినిమా దృశ్యాలు కలిపారు, తెల్లబట్టల్లో నిలబడి తల మీదుగా రెండు చప్పట్లు కొట్టే ఆ గుంపు క్వీన్ ఫ్యాన్ క్లబ్ సభ్యులే. చప్పట్లు పాటలో ముందే ఉన్నాయి, కానీ చేతులు ఎలా ఎత్తాలో నేర్పింది వీడియో.

అది నేర్చుకున్న జనం ఎలా ఉంటారో చూడాలంటే 1985 జూలై 13, వెంబ్లీ స్టేడియం, లైవ్ ఎయిడ్. ఇథియోపియా కరువు బాధితుల కోసం చేసిన కచేరీ అది, క్వీన్‌కు దొరికింది 20 నిమిషాల చిల్లర. సాయంత్రం, ఇంకా పగటి వెలుగే, లైట్ల హంగామా ఏమీ పనిచేయదు. ఫ్రెడ్డీ తెల్ల బనియన్‌తో పరుగున వచ్చి పియానో దగ్గర కూర్చుంటాడు, పియానో మీద పెప్సీ కప్పులు వరసగా పెట్టి ఉంటాయి. బోహీమియన్ రాప్సడీ ఒపెరా దాకా రాకుండానే ఆగిపోతుంది, టేపు సమస్యే లేదు, సూటిగా 'రేడియో గా గా'లోకి దూకుతారు. కెమెరా జనం వైపు తిరిగినప్పుడు చూడండి, 72,000 మంది చేతులు ఒక్కసారే లేస్తాయి. తమ కచేరీకి టికెట్ కొనుక్కుని వచ్చిన జనం కూడా కాదు వాళ్లు, ఆ రోజు ఎంతోమందిని చూడటానికి వచ్చినవాళ్లు. తర్వాత ఫ్రెడ్డీ ఊరికే ఒక రాగం అంటాడు, జనం అంటారు, ఇంకాస్త పెద్దది అంటాడు, జనం దాన్నీ అందుకుంటారు.

నేను చెప్పేది, దీన్ని మొదటే చూడకండి. చాలామంది లైవ్ ఎయిడ్‌తో మొదలుపెడతారు, బాగానే ఉంటుంది కానీ అందులో సగమే అందుతుంది. ముందు పైన చెప్పిన పాటలన్నీ మూడు రకాలుగా విని అప్పుడు చూస్తే ప్రతి నిమిషం ఎందుకు అలా ఉందో మీకే తెలుస్తుంది.

ఏ కచేరీ ఎప్పుడు చూడాలి

మొదట కెనడాలోని మాంట్రియల్. 1981 నవంబర్ 24, 25 తేదీల్లో చేసిన కచేరీలను 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు, అందుకే బొమ్మ ఇంత శుభ్రంగా ఉంటుంది, 2024లో ఐమాక్స్ థియేటర్లలో కూడా వేశారు. కెమెరాలు దగ్గరగా ఉంటాయి కాబట్టి గిటార్ నేర్చుకునేవాళ్లకు ఇది పాఠం. బ్రయాన్ సోలోలో అతను వాయించిన ముక్క ఆలస్యంగా తిరిగి వస్తుంది, దాని మీద ఇంకో వరస వాయిస్తాడు, అది కూడా తిరిగి వస్తుంది, చివరికి ఒక్క మనిషే ముగ్గురిలా వినిపిస్తాడు. అతని చేతిలో గిటార్ తండ్రితో కలిసి ఇంట్లో తయారుచేసుకున్నది, 1963లో మొదలుపెట్టారు, మెడ భాగం పాత ఇంటి చలిమంట గూడు చెక్కతో చేసింది. మీటేది ప్లాస్టిక్ పిక్‌తో కాదు, సిక్స్‌పెన్స్ నాణెంతో.

తర్వాత వెనక్కి వెళ్లి 1974 రెయిన్‌బో థియేటర్ కచేరీ చూడండి. పొడవాటి జుట్టు, నలుపు తెలుపు బట్టలు, పియానో కంటే గిటార్ పెత్తనం ఎక్కువ. అక్కడి నుంచి 1986కు రండి, వెంబ్లీ కచేరీలో పసుపు జాకెట్ వేసుకున్న ఫ్రెడ్డీని చూస్తే పన్నెండేళ్లలో ఈ మనిషి ఎంత దూరం వచ్చాడో తెలుస్తుంది. అదే ఏడాది జూలై 27న బుడాపెస్ట్‌లో అతను హంగేరీ జానపద గీతం ఒకటి పాడాడు, మాటలు అరచేతిలో రాసుకుని, చూసుకుంటూ. ఆ భాష రాదు, అయినా పాడాడు, స్టేడియం ఊగిపోయింది. దగ్గర నుంచి తీసిన ఆ షాట్‌లో చెయ్యి స్పష్టంగా కనిపిస్తుంది.

లైవ్ మ్యాజిక్ అనే ఆల్బమ్ మాత్రం ఇప్పుడే వద్దు. అదీ 1986 టూర్‌దే, కానీ పాటలను కత్తిరించి పెట్టారు. ఆ టూర్ వినాలంటే 1992లో వచ్చిన లైవ్ ఎట్ వెంబ్లీనే తీసుకోండి.

ఇంకొన్ని వీడియోలు, ఒక జాగ్రత్త

'అండర్ ప్రెషర్' బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌవీతో కలిసి 1981లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో చేసిన పాట. వీడియోలో బ్యాండూ లేదు, బౌవీ లేడు, పాత సినిమాల ముక్కలు, వార్తల దృశ్యాలే. ఫ్రెడ్డీ, బౌవీ ఇద్దరూ కలిసి దీన్ని స్టేజీ మీద ఎన్నడూ పాడలేదు, అందుకే మాంట్రియల్‌లో బౌవీ లేకుండా బ్యాండ్ ఈ పాటను లాక్కొచ్చే తీరు శ్రద్ధగా చూడండి. 'ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ'లో నలుగురూ ఆడవేషాల్లో ఉంటారు, ఫ్రెడ్డీ ఇల్లు ఊడుస్తుంటాడు, బ్రిటన్‌లో అందరూ చూసే ఒక టీవీ సీరియల్‌ను అనుకరించారు, అక్కడివాళ్లు హాయిగా నవ్వుకున్నారు, అమెరికాలో మాత్రం చాలామందికి మింగుడుపడలేదు. ఈ పాట మధ్యలో వచ్చే సోలో స్టూడియోలో సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్) మీద వాయించింది, స్టేజీ మీద బ్రయాన్ దాన్ని గిటార్ మీదికి తెచ్చుకున్నాడు. పోల్చి చూడటానికి ఇది సులువైన ముక్క.

1991లో తీసిన 'దీజ్ ఆర్ ద డేస్ ఆఫ్ అవర్ లైవ్స్' చూసే ముందు ఇతర వీడియోలు కనీసం కొన్ని చూసి ఉండండి. అప్పటికి ఫ్రెడ్డీ ఆరోగ్యం బాగా క్షీణించింది, అది తెలియకుండా ఉండాలనే నలుపు తెలుపులో పెట్టారు. పరుగులు పెట్టిన మనిషి ఇక్కడ దాదాపు కదలకుండా నిలబడి పాడతాడు. కెమెరా ముందు అతను చేసిన ఆఖరి పని ఇదే, అదే ఏడాది నవంబర్ 24న చనిపోయాడు. దీన్ని ప్లేలిస్ట్ మధ్యలో ఇరికించి చూడొద్దని నా కోరిక.

జాగ్రత్త అన్నది సినిమా గురించి. అందులో లైవ్ ఎయిడ్‌కి ముందే ఫ్రెడ్డీ తన ఎయిడ్స్ జబ్బు సంగతి బ్యాండ్‌కి చెప్పినట్టు చూపించారు, నిజానికి ఆ జబ్బు బయటపడింది 1987 ప్రాంతంలో. 'వీ విల్ రాక్ యూ' పుట్టిన కాలం కూడా ముందువెనకలు చేశారు. కాబట్టి పాటల వరస సినిమా నుంచి కాకుండా ఆల్బమ్‌ల తేదీల నుంచి తీసుకోండి. ఫ్రెడ్డీ మన మహారాష్ట్రలోని పంచగనిలో బోర్డింగ్ స్కూల్లో చదువుకున్నాడని, మొదటి బ్యాండ్ అక్కడే మొదలైందని మాత్రం నిజం. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ కుర్రాడు, అసలు పేరు ఫరూఖ్ బుల్సారా.

ఇక్కడి దాకా వచ్చాక పూర్తి ఆల్బమ్‌లు వినండి, ముందు 1974 షీర్ హార్ట్ అటాక్, తర్వాత ఎ నైట్ ఎట్ ది ఒపెరా మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆపకుండా, ముఖ్యంగా 'ద ప్రాఫెట్స్ సాంగ్'లో ఫ్రెడ్డీ గొంతు తనకు తానే జవాబిచ్చుకునే చోట హెడ్‌ఫోన్స్ తీయకండి. ఆ తర్వాత 1980 ద గేమ్, అంతవరకు ఆల్బమ్‌లలో సింథసైజర్లు లేవని అట్ట మీద రాసుకున్నవాళ్లు మొదటిసారి వాటిని వాడింది అందులోనే. 1982 హాట్ స్పేస్ కొంచెం ఆలస్యంగా వినండి, అందులో డాన్స్ పాటలు ఎక్కువ, కానీ అదే ఏడాది మిల్టన్ కీన్స్ కచేరీలో ఆ పాటలకు గిటార్ తోడై ఎంత బరువెక్కాయో వింటే ఆ ఆల్బమ్ మీద అభిప్రాయం మారొచ్చు. ఆ కచేరీలోనే 'సమ్‌బడీ టు లవ్' కూడా ఉంది, దాన్ని 1976 స్టూడియో పాట విన్నాకే పెట్టుకోండి.